వాస్తుశిల్పియా, తేనెటీగా?

కొత్త యంత్రం వస్తే కార్మికుని ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా అని అందరూ అడుగుతారు. ఉద్యోగం నిలిచినా అతని పనితనం ఏమవుతుందని అడిగేవారు అరుదు. ఐర్లండులో జన్మించి, ఇంగ్లండులోని లూకాస్ ఏరోస్పేస్ సంస్థలో డిజైన్ ఇంజనీరుగా పనిచేసిన మైక్ కూలీ 1980లో ప్రకటించిన 'ఆర్కిటెక్ట్ ఆర్ బీ?' ఈ రెండవ ప్రశ్నను వేసిన గ్రంథం. తేనెటీగ ఎంత చక్కని పట్టు పెట్టినా, కట్టబోయేదాన్ని ముందుగా మనసులో ఊహించుకునేవాడు మానవుడేనన్న మార్క్స్ పోలిక నుండి ఆ పేరు వచ్చింది.

ఆలోచన ఒకరి వంతు, శ్రమ మరొకరి వంతు అయినపుడు మనిషి ఆ తేనెటీగ స్థితికి దిగుతాడని కూలీ వాదన. ఇందుకాయన చూపిన ఉదాహరణ గమనార్హం. జెట్ ఇంజనులోని ఆఫ్టర్ బర్నర్ ఆకృతిని కంప్యూటరు చేత గీయించడానికి గణితంలో డాక్టరేటు పొందిన నలుగురు రెండేళ్ళు శ్రమించారు. తీరా చూస్తే ఒక రేకు పనివాడూ, ఒక డ్రాఫ్ట్స్‌మనూ కలిసి దానిని అప్పటికే గీసి, తయారుచేసి ఉన్నారు.

ఈ భావం పాఠకులకు కొత్తది కాదు. 1377లో 'ముఖద్దిమా'ను రచించిన ఇబ్నె ఖల్దూన్ చేతివృత్తిని 'మలకా' అన్నాడు. అంటే పదే పదే చేయడం వల్ల మనిషిలో పాతుకుపోయే సామర్థ్యం. విని నేర్చినదాని కంటే కళ్ళారా చూసి నేర్చినది పరిపూర్ణమైనదని కూడా ఆయన అభిప్రాయం. కూలీ చెప్పే పనితనం ఇదే. కనుక 'స్కిల్' అనే మాటను కేవలం 'నైపుణ్యం' అని అనువదిస్తే సగం అర్థం జారిపోతుంది.

అయితే గ్రంథంలో ఒక కొరత ఉన్నది. లూకాస్ కార్మిక ప్రతినిధులు 1976 జనవరిలో ఒక ప్రత్యామ్నాయ ప్రణాళికను ప్రకటించారు. సైనిక సామగ్రికి బదులు కిడ్నీ యంత్రాలు, హీట్ పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే వాహనం మొదలైన దాదాపు 150 వస్తువులను అందులో సూచించారు. యాజమాన్యం దానిని తిరస్కరించింది. 1981లో కూలీ ఉద్యోగమే పోయింది. కూలీ ఈ వస్తువుల అవసరాన్ని నిరూపించాడు గాని, వాటిని కొనేదెవరో తగినంతగా చర్చించలేదు. రోగికి కిడ్నీ యంత్రం అవసరం. కాని దాని ధర చెల్లించగలిగినది ఆసుపత్రి, దాని వెనుక ప్రభుత్వం. గిరాకీ లేని వృత్తి క్షీణిస్తుందని, వృత్తులకు అన్నిటికంటె పెద్ద బజారు ప్రభుత్వమేనని ఇబ్నె ఖల్దూన్ ఏనాడో గుర్తించాడు.

తర్వాతి చరిత్ర ఈ మాటనే బలపరిచింది. గ్రేటర్ లండన్ కౌన్సిల్ అండతో ఏర్పడిన సంస్థలో చేరి కూలీ తన ఆశయాలను కొంతవరకు అమలుపరచగలిగాడు. 1986లో ఆ కౌన్సిలే రద్దయింది. ఆ అండ తొలగినపుడు ఆ కృషి సన్నగిల్లింది.

ఈ కొరత వల్ల గ్రంథం విలువ తగ్గదు. యంత్రాన్ని రూపొందించేటపుడే దాని ముందు నిలబడబోయే మనిషిని లెక్కలోకి తీసుకోవాలన్న దాని ప్రధాన వాదన, ఫ్యాక్టరీలను దాటి కార్యాలయాలలోని రాతకోతల వరకు కంప్యూటరు వచ్చిన నేడు మరింత శ్రద్ధగా చదవదగినది.