పేలాక మిగిలే ముక్క

ఇంగ్లండ్ పల్లెల్లో క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరే డిస్కుల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆటకి, వెళ్లేవాళ్లకి చాలాచోట్ల గేటు దగ్గరే ఒక బోర్డు ఎదురవుతుంది: ‘ఫైబర్ వ్యాడ్ తూటాలు మాత్రమే’. అన్ని మైదానాల్లోనూ ఉండదుగానీ, గొర్రెలో ఆవులో మేసే పొలాల్లో షూటింగ్ నడిచే చోట దాదాపు ఖాయం. సెలవుల్లో వచ్చిన మనవాళ్లెవరినైనా ఆదివారం పూట వెంటబెట్టుకు వెళ్తే ఆ బోర్డు చూసి అడిగే ప్రశ్న ఒకటే. ‘‘పేలిపోయేదానికి ప్లాస్టిక్ అయితే ఏంటన్నా, ఫైబర్ అయితే ఏంటి?’’

పేలేది మందు. ఎగిరిపోయేవి గుళ్లు. ఖాళీ గుల్ల మన కాళ్ల దగ్గరే పడుతుంది, వంగి ఏరుకుని సంచిలో వేసుకోవచ్చు. వ్యాడ్ ఒక్కటే మనకి ముందు పాతిక ముప్పై గజాల దూరంలో, గడ్డిలో, ఎవరిదో పొలంలో పడి ఉండిపోతుంది. ఆ ఒక్క ముక్క గురించే ఈ వారం నా మాటలు.

షాట్‌గన్ తూటాని నిలువునా కోసి చూస్తే అడుగున లోహపు టోపీ, దాని నడుమ మందుని అంటించే ప్రైమర్, ఆపైన మందు, చివర్న సీసపు గుళ్లు కనిపిస్తాయి. మందుకీ గుళ్లకీ మధ్య ఉండే అడ్డు పేరే వ్యాడ్. చూడ్డానికి చిన్నదేగానీ, మిగతా భాగాలన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది అదేనని నా నమ్మకం. మందు అంటుకోగానే 12 బోరు గొట్టంలో వందల బార్ల పీడనం పుడుతుంది. మామూలు తూటాలకు యూరప్ ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి 740 బార్లు. ఆ వాయువు గుళ్ల సందుల్లోంచి ముందుకు జారిపోతే గుళ్లకి ఊపు రాదు. అందుకని వ్యాడ్ గొట్టాన్ని మూతలా బిగించి పట్టాలి. అంత తోపుకీ గుళ్లు చితికిపోకుండా ముందు తాను కాస్త నలగాలి. గుళ్లని సెకనుకి 400 మీటర్ల దరిదాపు వేగానికి ఎక్కించి, గొట్టం దాటగానే వాటి దారిలోంచి తప్పుకోవాలి. ఇదంతా రెప్పపాటు కూడా పట్టని పని.

మన పల్లెల్లో నాటు తుపాకీ నింపేవాళ్లు చేసిందీ ఇదే. గొట్టంలో మందు పోసి, గుడ్డపేలికో పీచో కుక్కి, కడ్డీతో గట్టిగా దిగ్గొట్టి, ఆపైన గుళ్లు పోసేవాళ్లు. ఆ పేలిక చేసే పనినే ఇంగ్లండ్‌లో చాలాకాలం ఉన్ని ఫెల్టు, అట్టబిళ్లలు చేశాయి. 1960ల్లో అమెరికా కంపెనీలు ప్లాస్టిక్‌తో ఒకే ముక్కగా వ్యాడ్ పోతపోయడం మొదలుపెట్టాక ఆట మారిపోయింది. కింద వాయువుని ఆపే గిన్నె, నడుమ నలిగే కాళ్లు, పైన గుళ్లని పట్టుకునే కప్పు. అన్నీ ఒకే అచ్చులో వచ్చేస్తాయి. చౌక, వేగం, ప్రతి తూటా ఒకేలా ఉంటుందన్న భరోసా.

పేల్చిన ప్లాస్టిక్ వ్యాడ్‌ని గడ్డిలోంచి ఏరి చేతిలో పెట్టుకుని చూస్తే దాని పనితనం మీద గౌరవం పుడుతుంది. కప్పు అంచులు నాలుగు రేకులుగా చీలి వెనక్కి విచ్చుకుని ఉంటాయి. గొట్టం దాటగానే గాలి తగిలి ఆ రేకులు తెరుచుకుంటాయి, వ్యాడ్ వెనకబడుతుంది, గుళ్లు ముందుకి సాగిపోతాయి. రేకుల లోపలివైపు వేలితో తడిమితే చిన్నచిన్న గుంటలు తగులుతాయి. అవి గుళ్లు ఒత్తుకున్న అచ్చులు. నడిమి కాళ్లు ఒకవైపుకి ఒరిగి అలాగే గట్టిపడిపోయి ఉంటాయి. అడుగు గిన్నె మాత్రం నల్లగా మాడి వాసనేస్తుంది. కిందటేడు పడిందీ నిన్న పడిందీ పక్కపక్కన పెడితే రంగు వెలిసిపోవడంలో తప్ప తేడా తెలియదు. పెళుసుబారితే ముక్కలవుతుంది. ముక్కలైనంత మాత్రాన మట్టిలో కలవదు.

ఫైబర్ వ్యాడ్‌కి ఇంత నిర్మాణం లేదు. కలప పీచునో, అలాంటి మరో పీచునో ఒత్తి, మైనం పట్టించి చేసిన స్తంభంలాంటి ముక్క, దాని కింద మందు మీద అట్టబిళ్ల. గుళ్లకి కప్పు ఉండదు. అంచున ఉన్న గుళ్లు గొట్టం గోడని రాసుకుంటూ పోతాయి, కొంచెం చదునవుతాయి. చదునైన గుండు తిన్నగా పోదు, పక్కకి తప్పుకుంటుంది. అందువల్ల ఫైబర్ తూటాతో గుళ్ల చెల్లాచెదురు కాస్త ఎక్కువనీ, దూరపు డిస్కుకి ప్లాస్టిక్కే నయమనీ షూటర్లలో బలంగా నాటుకుపోయిన నమ్మకం. అందులో నిజముంది. ఎంత నిజమన్నదే తేల్చుకోవాల్సింది.

దానికి ప్యాటర్న్ ప్లేటుని మించిన న్యాయమూర్తి లేదు. పెద్ద ఇనుప రేకు, దాని మీద తెల్లరంగు. 40 గజాల దూరం నుంచి కాల్చి, ఎక్కువ మచ్చలు పడ్డచోట 30 అంగుళాల వృత్తం గీసి, లోపల ఎన్ని పడ్డాయో లెక్కపెడతారు. ఇంగ్లీషు కొలతలో ఏడున్నర సైజు గుళ్లు ఔన్సుకి 400, అంటే 28 గ్రాముల తూటాలో సుమారు 395. గొట్టం మూతిని కాస్త సన్నం చేసే బిగింపుని చోక్ అంటారు; హాఫ్ చోక్ ఉన్న గొట్టం అందులో 60 శాతాన్ని వృత్తంలో వేయాలని లెక్క, క్వార్టర్ అయితే 55, ఫుల్ అయితే 70. నేను నా తుపాకీతో ఫైబర్‌నీ ప్లాస్టిక్‌నీ మార్చి మార్చి కాల్చి చూశాను. ప్లాస్టిక్ మచ్చలు నడిమికి కొంచెం ఒత్తుగా వచ్చిన మాట నిజం. అయితే ఒకే పెట్టెలోని రెండు తూటాల మధ్య కనిపించే తేడా కూడా ఇంచుమించు అంతే ఉంది. ఫైబర్ ఎడం చేసిందని ఎవరికైనా గట్టిగా అనిపిస్తే చోక్‌ని ఒక మెట్టు బిగించుకుంటే సరి. క్లే మైదానంలో సగటు షూటర్‌కి డిస్కు తప్పిపోయేది దాని వెనక కాల్చడం వల్ల, ఊపు మధ్యలో ఆపేయడం వల్ల, చెంప తుపాకీ కట్టెకి ఆనకపోవడం వల్ల. వీటిలో దేనికీ వ్యాడ్ బాధ్యత లేదు.

గొట్టం శుభ్రం చేసేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. ప్లాస్టిక్ వాడితే దాని పలచటి పొర అంటుకుంటుంది, ఫైబర్ వాడితే సీసం మరక. రెండూ బ్రష్‌తో పోయేవే. ధరలో ఫైబర్ కాస్త ప్రియం. తడి తగిలితే ఫైబర్ ఓర్చుకోదు కాబట్టి పెట్టెల్ని చెమ్మ లేనిచోట దాచాలి. చెప్పుకోదగ్గ ఇబ్బందులు ఇంతకు మించి లేవు.

ఇక పొలం సంగతి. క్లే మైదానాలు చాలావరకు రైతుల నుంచి కౌలుకి తీసుకున్న నేలలు. వారానికి ఒకటి రెండు రోజులు మనం, మిగతా రోజులు పశువులు. ఆవు గడ్డిని ఏరి తినదు, నాలుకతో చుట్టి లాగేస్తుంది. అందులో వ్యాడ్ ఉంటే అదీ లోపలికే. గడ్డి కోసి కట్టలు కట్టి చలికాలానికి దాచుకుంటే ఆ కట్టల్లోకి కూడా చేరుతుంది. మన ఊళ్లలో ఆవుల పొట్టల్లోంచి వైద్యులు ప్లాస్టిక్ సంచులు తీస్తున్న ఫొటోలు చూసినవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు. ఒక రైతు నాతో అన్నమాట: ‘‘మీ తుపాకుల చప్పుడు సాయంత్రానికి ఆగిపోతుంది, నాకు ఇబ్బంది లేదు. ఆ తెల్ల ముక్కలు మాత్రం నా మనవళ్ల కాలానికి కూడా ఇక్కడే ఉంటాయి.’’ ఫైబర్ వ్యాడ్ వానలకి మెత్తబడి, విడిపోయి, మట్టిలో కలిసిపోతుంది. నేను ఫైబర్ ఎంచుకోవడానికి ఈ కారణం చాలు. స్కోరు కార్డు మీద ఒకటో రెండో తగ్గితే తగ్గనీ, ఆ నేల నాది కాదు.

ఫైబర్ కొనేవాళ్లకి చిన్న హెచ్చరిక. పెట్టె మీద ‘ఫైబర్’ అని ఉన్నా, కొన్ని రకాల్లో పీచు ముక్క కింద వాయువుని ఆపడానికి ప్లాస్టిక్ గిన్నె పెడతారు. గొట్టం బాగా బిగుస్తుంది కాబట్టి అది మంచి తూటాయే. పొలానికి మాత్రం అందులో మంచి సగమే. కొట్టు యజమానిని అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

ఇన్నాళ్లూ ఈ ఎంపిక సులువు. ఇప్పుడు చిక్కు వచ్చిపడింది, అదీ మంచి పని చేయబోతేనే. సీసం విషం. బాతులు, హంసలు అరుగుదల కోసం చిన్న రాళ్లు మింగుతాయి, వాటితోపాటు సీసపు గుళ్లూ మింగుతాయి. ఆ గుండు పక్షి కడుపులో అరిగి నెత్తురులో కలుస్తుంది. అందుకే ఇంగ్లండ్‌లో నీటిపక్షుల మీదా కొన్ని చిత్తడి నేలల్లోనూ సీసపు గుళ్లు వాడకూడదని 1999లోనే నిబంధన వచ్చింది. డెన్మార్క్ అంతకుముందే, 1996లో, సీసపు గుళ్లని పూర్తిగా నిషేధించింది. 2020 ఫిబ్రవరిలో బ్రిటన్ షూటింగ్ సంఘాలు, గ్రామీణ సంఘాలు తొమ్మిది కలిసి, వేటలో వాడే షాట్‌గన్ తూటాల్లో సీసాన్నీ, ఒకసారి వాడిపారేసే ప్లాస్టిక్‌నీ అయిదేళ్లలో వదిలించుకుంటామని ప్రకటించాయి. అయిదేళ్లు గడిచాయిగానీ మార్పు అనుకున్నంత వేగంగా రాలేదు. 2025 జులైలో ప్రభుత్వమే సీసపు గుళ్ల మీద నిషేధం తెస్తామని, సర్దుకోవడానికి మూడేళ్లు గడువిస్తామని చెప్పింది.

సీసం పోతే దాని చోటులోకి వచ్చేది ముఖ్యంగా ఉక్కు. మెత్తని ఇనుమేగానీ సీసంకన్నా చాలా గట్టిది. సీసపు గుండు గొట్టాన్ని రాసుకుంటే తానే అరిగిపోతుంది, ఉక్కు గుండు గొట్టాన్ని గీరుతుంది. అందుకని ఉక్కు గుళ్లకి మందమైన కప్పు తప్పనిసరి. కప్పు అనగానే మళ్లీ ప్లాస్టిక్. మామూలు ఫైబర్ వ్యాడ్ ఇక్కడ పనికిరాదు. నీటి పక్షి గొంతులోంచి సీసం తీసి, ఆవు నోట్లో ప్లాస్టిక్ పెట్టినట్టయింది వ్యవహారం. ఉక్కు వద్దనుకుంటే బిస్మత్ ఉంది, మెత్తనిదే, ఫైబర్‌తో హాయిగా నడుస్తుంది. ధర వింటే మాత్రం ఆదివారం ఆటకి ఎవరూ దాని జోలికి పోరు.

అందుకే నేను ఆశపెట్టుకున్నది కొత్త కప్పుల మీద. కొన్ని కంపెనీలు నీళ్లలో కరిగే పదార్థంతో, కొన్ని మొక్కల పిండిపదార్థంతో, కొన్ని దళసరి కాగితంతో కప్పులు చేస్తున్నాయి. కరిగే రకం ఒకటి పేల్చాక ఏరి తెచ్చి నీళ్ల గిన్నెలో వేసి చూశాను. తెల్లారేసరికి రేకులు జిగురుబారి, వేలితో నొక్కితే చెదిరిపోయాయి. ఆనందం వేసింది. ఇవి చవకబడాలి, చలిలోనూ ఎండలోనూ ఒకేలా పనిచెయ్యాలి, ఏళ్లపాటు అల్మారాలో ఉన్నా చెమ్మకి పాడవకుండా నిలవాలి. అవన్నీ పరిష్కరించగలిగే సమస్యలే.

కానీ ‘డీగ్రేడబుల్’ అని రాసినవన్నీ ఈ జాతివి కావు. ఎండ తగిలితే విడిపోతాయని చెప్పుకునే ప్లాస్టిక్‌లు విడిపోవడమంటే చాలాసార్లు తునకలవడమే. తునకలు కంటికి ఆనవు, పెద్ద ముక్కని ఏరినట్టు వాటిని ఏరలేం. దేనిలోకి విడిపోతుంది, ఎంత కాలంలో, గడ్డి నీడలో చల్లని మట్టిలో పడ్డా విడిపోతుందా? ఈ మూడు ప్రశ్నలకి పెట్టె మీదో కంపెనీ కాగితాల్లోనో జవాబు లేకపోతే దాన్ని నేను ప్లాస్టిక్ లెక్కలోనే వేస్తాను.

హైదరాబాద్‌లో ఈ ఆట ఆడేవాళ్లకి ఇదంతా దూరపు గొడవలా అనిపించవచ్చు. మన హైదరాబాదీ షూటర్ కైనన్ చెనాయ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, క్లే షూటింగ్‌లోని ట్రాప్ విభాగంలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాక మనవాళ్లలోనూ ఈ ఆట పేరు విన్నవాళ్లు పెరిగారు. ఒలింపిక్ ట్రాప్‌లో తూటాకి గుళ్ల బరువు 24.5 గ్రాములు మించకూడదు. అంత తక్కువ గుళ్లతో పతకాలు ఒక్క డిస్కు తేడాలో తేలిపోయే చోట క్రీడాకారులు ప్లాస్టిక్ వ్యాడ్ వదులుకోవాలని నేను అడగను. పోటీలకి వెళ్లే కుర్రాళ్లకి అది న్యాయం కాదు.

వాళ్లు ఆడే రేంజ్‌లో వ్యాడ్‌లు ఏరుకునే సౌకర్యం ఉంది. పొలంలో అయితే స్టాండుకో దిక్కున కాలుస్తాం. ట్రాప్ రేంజ్‌లో షూటర్లు నిలబడేది ఒకే వరసలో, డిస్కులు లేచే గొయ్యి వాళ్లకి 15 మీటర్ల ముందు. వ్యాడ్‌లు పడేది ఆ గొయ్యి చుట్టూ, దానికి అవతలా, ప్రతిసారీ దాదాపు అదే పట్టీలో. ఇద్దరు మనుషులు గడ్డి పోగేసే రెండు పళ్లకర్రలతో ఒక పూటలో ఊడ్చేయగలిగినంత జాగా. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరిగే మన రేంజ్‌ల వాళ్లకి నేను చెప్పదలుచుకున్నది ఒకటే: గడ్డి కోసే యంత్రం తిప్పేముందే ఆ పట్టీని ఊడ్పించండి. యంత్రం పళ్ల కింద పడ్డ వ్యాడ్ పది తునకలవుతుంది, ఆ తర్వాత ఊడ్చినా చేతికి రాదు.