గ్రుడ్డు కోల్పోవలసిన నీరు

కోడిపెట్ట పొదుగునకు వచ్చినదని గుర్తించి, చీకటి మూలలో ఊక పోసిన గంపపై గడ్డి పరచి, పది పన్నెండు గ్రుడ్లమీద దానిని కూర్చుండబెట్టు పల్లెటూరి ఇల్లాలు ఆర్ద్రతను గూర్చి ఏ శాస్త్రమును చదువకపోయినను, ఆమె చేయు ఏర్పాట్లలో వ్యర్థమైనది లేదు. గంప ఎండ తగులని చోట, గాలి నేరుగా కొట్టని చోట నుండును. కొన్ని ఇండ్లలో వేసవి పొదుగునకు ఊకకు మారుగా ఇసుక పోసి, అంచుల వెంబడి నీరు చిలకరింతురు. మిగిలిన భారమంతయు పెట్టదే. రొమ్ము క్రింది ఈకలు రాలిన వట్టి చర్మమును గ్రుడ్లకు ఆనించి, ముక్కుతో వాటిని దొర్లించుచు, దినమున కొక్కసారి మేతకు లేచి త్వరత్వరగా మరలివచ్చుచు, పిల్లలు వెలువడు చివరి దినములలో ఆ మేతను సైతము మరచి అది కదలక కూర్చుండును. 21 దినముల ఈ తపస్సులో వేడి యెంత ముఖ్యమో, తేమను అదుపున నుంచుటయు అంత ముఖ్యము.

నేడు ఎందరో గృహస్థులు థర్మోకోల్ పెట్టెలో బల్బును, చిన్న ఫ్యానును, థర్మోస్టాటును అమర్చి ఇంటనే గ్రుడ్లు పొదిగించుచున్నారు. ఫ్యాను తిరుగు పెట్టెలో 37.5 డిగ్రీల సెల్సియసు వేడి నిలుపుట కష్టము కాదు. ఈజిప్టు దేశమున మట్టి ఇటుకల పొదుగు పొయ్యిలను తరతరములుగా నడిపినవారు గ్రుడ్డును కనురెప్పకు తాకించి వేడి సరిపోయినదో లేదో చెప్పగలిగిరి. వేడిని శరీరము గ్రహించును. తేమను అట్లు నిక్కముగా గ్రహింపలేదు. అందువలననే కొత్తగా పూనుకొన్నవారు పిల్లలు చావకుండవలెనను ఆరాటముతో గిన్నెలకు గిన్నెలు నీరు పెట్టి, ఆ నీటితోనే వాటిని పోగొట్టుకొందురు.

గ్రుడ్డు ఆరవలెను. ఈ మాట మొదట వినువారికి వింతగా తోచవచ్చును గాని, పొదుగు విద్య యంతయు దీనిమీదనే నిలిచియున్నది. పెంకులో కంటికానని రంధ్రములు వేలకొలదిగా నున్నవి. వాటి గుండ ప్రాణవాయువు లోనికి పోవును, అంగారవాయువును నీటియావిరియు వెలుపలికి వచ్చును. లోనికి పోవు వాయువు బరువును, వెలుపలికి వచ్చు అంగారవాయువు బరువును ఇంచుమించుగా సమానములే గనుక, గ్రుడ్డు బరువు తగ్గినదన్న నీరు తగ్గినదనియే అర్థము. పిండము పచ్చసొనలోని క్రొవ్వును దహించి పెరుగుచున్నప్పుడు కొత్తగా నీరు పుట్టుచుండును. ఆ నీరు పోవలసినదే. అది పోయినకొలదిని గ్రుడ్డు లావు కొననున్న గాలి అర విశాలమగును. పిల్ల పెంకును పొడుచుటకు ముందు ఆ అరలోనికే ముక్కు చొప్పించి, తన ఊపిరితిత్తులతో తొలి శ్వాస పీల్చును. నీరు తగినంత పోనిచో అర చిన్నదై, పిల్ల ఉబ్బిన పొట్టతో, చుట్టును తడితో, గాలి చాలక లోపలనే చచ్చును. మితిమీరి పోయినచో పిల్ల చిక్కిపోవును, పొర దానికి అంటుకొనును.

మొదటి 18 దినములు 45 మొదలు 55 శాతము వరకు, పిమ్మట 65 మొదలు 70 శాతము వరకు తేమ యుండవలెనని సాధారణముగా చెప్పుదురు. ఈ అంకెలు మంచివే. కాని వాటిని సాధించుటకు గిన్నెడు నీరు చాలునా, రెండు గిన్నెలు వలయునా అను ప్రశ్నకు అన్ని ఊళ్లకు ఒకే సమాధానము లేదు. వానకాలమున మచిలీపట్టణపు గాలి 28 డిగ్రీల వేడిలో 85 శాతము తేమతో నున్నదనుకొందము. అది పెట్టెలో 37.5 డిగ్రీలకు కాగినపుడు నీటిచుక్క చేర్చకయే 50 శాతము నిలుచును. మార్చి మాసమున అనంతపురపు గాలి 35 డిగ్రీలలో 25 శాతము తేమతో వచ్చినచో, పెట్టెలో అది 22 శాతమునకు దిగును. ఒకరికి గిన్నె తీసివేయుటయే మేలు. మరియొకరికి వెడల్పు పళ్లెము తప్పదు. పళ్లెమనుటకు కారణము కలదు: నీటి లోతు తేమను పెంచదు, నీటి వైశాల్యము పెంచును. లోతైన చెంబు కంటె పలుచని పళ్లెము, దానికంటె నీటిలో నిలిపిన తడిగుడ్డ అధికముగా ఆవిరి నిచ్చును.

హైగ్రోమీటరు కొన్నవారు ముందుగా దానిని పరీక్షింపవలెను. ఉప్పును కొద్దినీటితో ముద్ద చేసి, గట్టి మూతగల డబ్బాలో మీటరుతో కలిపి కొన్ని గంటలుంచినచో అది 75 చూపవలెను. చూపనిచో ఆ తేడాను గుర్తుంచుకొనవలెను. నా మట్టుకు నాకు మీటరు కంటె త్రాసుమీదనే గురి యెక్కువ. 40 గ్రాముల నాటుగ్రుడ్లు 25 తూచినచో ఒక కిలో. 18వ దినమునకు అవి 12 శాతము తగ్గి 880 గ్రాములకు రావలెను. అనగా దినమునకు ఆరేడు గ్రాములు. ఏడవనాడు 953కు దగ్గరగా నున్నచో మార్పు అక్కరలేదు. 970 ఉన్నచో నీటి పళ్లెమును చిన్నది చేయవలెను. 935 ఉన్నచో పెద్దది చేయవలెను. దీపపు వెలుగులో చూచి వట్టి గ్రుడ్లను ఏరివేయుట తూచిన పిమ్మటనే జరుగవలెను. ఏరిన తరువాత మిగిలినవాటిని మరల తూచి కొత్త లెక్క వ్రాసికొనవలెను. ఆ వెలుగులోనే గాలి అర అంచును పెంకుమీద పెన్సిలుతో గీసియుంచినచో, తదుపరి వారము అది యెంత దిగినదో కంటికి తెలియును.

18వ దినమున గ్రుడ్లను దొర్లించుట మాని, తేమను పెంచి, మూత వేయవలెను. ఇక్కడనే ఓపిక కావలెను. పిల్ల పెంకుకు తొలి రంధ్రము చేసిన పిదప గంటల తరబడి కదలకుండుట సహజము. ఆ వ్యవధిలో అది పొరలోని రక్తమును, మిగిలిన పచ్చసొనను లోనికి తీసికొనుచుండును. ఆత్రముతో మూత తెరచినచో బయటి పొడిగాలి చొరబడి, తడిసి మెత్తగానున్న పొర క్షణములలో తోలువలె బిగిసి పిల్లను కట్టివేయును. పుట్టిన పిల్ల పచ్చసొన బలముతో రెండు దినములు మేత లేకయే యుండగలదు. కావున ముందుగా పుట్టిన వాటిని తీయుటకై వెనుకటివాటిని బలియీయకూడదు. పుట్టిన పిల్లల తడి ఈకలవలననే పెట్టెలో తేమ మరింత పెరుగును; అది గమనించి గాలిరంధ్రములను మూయకుండ నుంచవలెను.

22వ దినము గడచినను పగులని గ్రుడ్లను పారవేయక, విడివిడిగా పగులగొట్టి చూడవలెను. చాలవాటిలో పూర్తిగా పెరిగిన పిల్ల తడిముద్దగా, చిన్న అరతో కనబడినచో వచ్చే పొదుగునకు నీటి వైశాల్యము తగ్గించి, తూకములను మూడవనాడే మొదలిడవలెను. పొర యెండి అంటుకొని కనబడినచో పళ్లెమును పెద్దది చేయవలెను.