వీపు తిప్పి పేల్చే తుపాకీ

పోయిన ఆదివారం మా ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. వెనకబడ్డవాళ్లు ఇంకా రోడ్డు మీద ఉండగానే ఫినిష్ ఆర్చిలోంచి గాలి తీసేశారు. మిగిలిన నీళ్ల సీసాలు ఆటోలోకి ఎక్కించేశారు. చీర మీదే టీషర్టు తొడుక్కున్న ఒక పెద్దావిడ రొప్పుకుంటూ వచ్చి, మైకు వైరు చుడుతున్న కుర్రాణ్ణి “ఎక్కడిదాకా రావాలి బాబూ?” అని అడిగింది. “అయిపోయిందమ్మా” అన్నాడతను. వాళ్లు ప్రకటించిన గడువు ఇంకా మిగిలే ఉంది.

గడియారం మీద నా కోపం ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. పరీక్షల రోజుల్లో, ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిమిషం నిబంధన మీద ఏటా రాస్తాను. మూసిన గేటు ముందు హాల్ టికెట్ పట్టుకుని ఏడ్చే పిల్లల ఫొటో పేపర్లో పడ్డ ప్రతిసారీ మళ్లీ రాస్తాను. ఈసారి పరుగు పందాల్లో గడువులన్నీ ఎత్తేయమని రాద్దామని కూర్చున్నాను. అందుకు సాక్ష్యంగా కామ్రేడ్స్ మారథాన్‌ను తెచ్చుకుందామనుకున్నాను.

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ మనకు ఒక రైల్వే స్టేషన్‌గానే తెలుసు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని ఫస్ట్‌క్లాసు పెట్టెలోంచి దింపేసిన చోటు అది. ఎర్ర ఇటుకల సిటీ హాలు ఉన్న ఆ పాత ఊరికీ, సముద్రం ఒడ్డున ఉన్న డర్బన్‌కీ మధ్య దాదాపు తొంభై కిలోమీటర్లు సాగే పందెం ఈ కామ్రేడ్స్. ఒక ఏడాది కొండల మీంచి సముద్రానికి దిగుతారు, ఇంకో ఏడాది సముద్రం నుంచి కొండలెక్కుతారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన విక్ క్లాపమ్ అనే రైలింజన్ డ్రైవరు, చనిపోయిన తోటి సైనికుల గుర్తుగా 1921 మే 24న దీన్ని మొదలుపెట్టాడు. ఆ రోజు బయల్దేరింది 34 మంది, గమ్యం చేరింది 16 మంది. రెండో ప్రపంచ యుద్ధం, కరోనా వచ్చిన ఏళ్లలో తప్ప ఆగలేదు.

తెల్లవారకముందే కోడికూత వినిపిస్తుంది. మాక్స్ ట్రింబోర్న్ అనే రన్నరు ఒకప్పుడు స్టార్టు దగ్గర సరదాకి కూసిన కూత అది. ఇప్పటికీ రికార్డు వేసి వినిపిస్తారు. తర్వాత జనం గుంపులు గుంపులుగా కదులుతారు. ఆ గుంపుల్ని అక్కడ బస్సులంటారు. ముందుండి వేగం చూసుకునేవాడు డ్రైవరు. ఎక్కడ నడవాలో, ఎక్కడ పరుగెత్తాలో అతనే చెబుతాడు, అందరూ పాడుకుంటూ వెంట వెళతారు. కొండ దిక్కుగా సాగే ఏడాది చివర్లో పాలీ షార్ట్స్ అనే ఎత్తు ఎదురవుతుంది. ఎనభై కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్లతో ఆ చడావు ఎక్కేవాళ్లను తెర మీద చూస్తుంటే మన పిక్కలు పట్టేస్తాయి.

గడువు పన్నెండు గంటలు. అవి నిండబోతుండగా ఒక అధికారి ఫినిష్ లైను దగ్గర, వచ్చేవాళ్లకు వీపు పెట్టి నిలబడతాడు. టైము కాగానే తుపాకీ పేలుస్తాడు. ఆ చప్పుడుతోనే గీత మూసేస్తారు. రెండడుగుల దూరంలో కూలబడ్డవాడికీ పతకం లేదు, ఫలితాల్లో పేరు లేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఇది నిమిషం నిబంధన కన్నా ఏ రకంగా మేలని అప్పట్లో నా దగ్గరివాళ్లతో వాదించాను కూడా.

ఈ వారం మళ్లీ ఆలోచిస్తూ ఉంటే ఆ వీపు దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఈ పందెం చాలాకాలం మొహాలు చూసింది. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ పేరిస్తే తీసుకోలేదు. లెక్కలోకి రాకపోయినా పరుగెత్తి ముగించింది. 1935లో రాబర్ట్ మ్ట్షాలి అనే నల్లజాతి యువకుడు తొమ్మిదిన్నర గంటల్లో చేరాడు, ఆయన్నీ అధికారికంగా గుర్తించలేదు. ఆడవాళ్లకూ, తెల్లవాళ్లు కానివారికీ తలుపు తెరిచింది 1975లో. 1860 నుంచి మద్రాసు ఓడల్లో, ఈ రెండు ఊళ్లూ ఉన్న నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంతానానికి కూడా అప్పటిదాకా ఆ గీత దాటే హక్కు లేదు. సొంత జిల్లాలో, సొంత రోడ్డు మీద.

అన్ని దశాబ్దాల పాటు అక్కడ నిలబడ్డవాళ్లు వచ్చేవాడి రంగు చూశారు, వచ్చేది ఆడమనిషా అని చూశారు. వీపు తిప్పినవాడికి అదేదీ కనపడదు, టైము ఒక్కటే తెలుసు. అందుకే ఆ తుపాకీని తీసేయమని ఇవాళ నేను అనలేను. నిమిషం నిబంధనకీ దీనికీ తేడా అక్కడుంది. గేటు మూసినవాడు పిల్లల్ని అసలు పరీక్షే రాయనివ్వడు. బస్సు రాలేదా, దారిలో ఏమైందా అని అడగడు. కామ్రేడ్స్‌లో దారంతా నీళ్లిచ్చి, పన్నెండు గంటలూ కాచుకుని కూర్చుంటారు. తుపాకీ పేలేదాకా కుర్చీ కదలదు. ఆ పెద్దావిడకి మా ఊళ్లో దక్కనిది ఆ కాచుకోవడమే. గడువు ఉండాల్సిందే. ఉన్న గడువు చివరి క్షణం దాకా పరుగెత్తేవాడిదే కావాలి.

వాలీ హేవర్డ్ ఈ పందేన్ని 1930 నుంచి 1954 మధ్య ఐదుసార్లు గెలిచాడు. 1989లో ఎనభయ్యేళ్ల వయసులో మళ్లీ పరుగెత్తాడు. అప్పటి గడువు పదకొండు గంటలు. తూలుతూ, పడుతూ, రెండు నిమిషాల లోపే మిగిలి ఉందనగా గీత దాటాడు. ఆయనెవరో స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఆయనకూ అదే తుపాకీ.