మెజ్జోటింటు ప్రతిమాచిత్రములు - దశానిర్ణయము

ఒక గ్రంథమునకు బది వ్రాతప్రతులు దొరకినపుడు ఏది మూలమునకు సన్నిహితమో తేల్చుట పరిష్కర్త పని. ముద్రాచిత్రములయందును ఇట్టి పని గలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో మెజ్జోటింటు పద్ధతిని వెలువడిన ప్రతిమాచిత్రములలో ఒక్కొక్కదానికి బెక్కు భేదములు కానవచ్చును. ఏది ముందు, ఏది వెనుక, ఏది అదే రాగిరేకునుండి వచ్చినది, ఏది అన్యుని యనుకరణము అను ప్రశ్నలకు, జాన్ చాలొనర్ స్మిత్ 1878 మొదలు 1883 వఱకు బ్రకటించిన ‘బ్రిటిష్ మెజ్జోటింటో పోర్ట్రెయిట్స్’ అను పట్టికయే మొదటి శరణ్యము. ఆయన ఐర్లండులో రైలుమార్గపు ఇంజనీరు. ఇంత శ్రమయు వృత్తికి వెలుపల సాగించినవాడు. 1926లో చార్లెస్ రస్సెల్ అనునాతడు ఆ పట్టికకు సవరణలను, అందు లేని దశలను గూర్చి రెండు సంపుటములు వెలువరించెను. ఇరువురి పరిశ్రమయు బూజ్యమే. కాని వారు దశాభేదమును ఎక్కువ తావుల చిత్రము అడుగున జెక్కిన వ్రాతను బట్టియే నిర్ణయించిరి. ఇచట విచారింపవలసినది ఆ ప్రమాణముయొక్క బలాబలములు.

ముందుగ బనితీరు తెలియవలెను. రేఖాచిత్రణమున శిల్పి నునుపైన రేకుపై గీతలు త్రవ్వును; ఆ గీతలే నల్లగ నచ్చుపడును. 1642లో లుడ్విగ్ ఫాన్ జీగెన్ అను జర్మనుడు మొదట వెలువరించిన మెజ్జోటింటు పద్ధతి దీనికి విపరీతము. పండ్లుగల వంకయంచు ఉలిని రేకుపై నన్ని దిక్కులకు నూపుచు బోయిన, రేకంతయు సన్నని ముండ్లతో గరుకెక్కును. అప్పుడు సిరా పూసి యచ్చొత్తినచో గాగితమంతయు మఖమలువలె నల్లనగును. పిమ్మట శిల్పి వెలుతురు కావలసిన చోటుల గీకి, నునుపు చేసి, చీకటినుండి ముఖమును వెలికి దీయును. నలుపు రేకునకు సహజము, తెలుపు శ్రమఫలము. సిరా తుడుచు చేతి రాపిడికి ఆ ముండ్లు ప్రతిపర్యాయమును అరుగుచునే యుండును. మంచి ప్రతులు నూటికి మించి రావనియు, మాటిమాటికి రేకును బాగుచేసినచో నాలుగైదువందలు తీయవచ్చుననియు విలియం గిల్పిన్ 1768లో వ్రాసెను. మొట్టమొదటి ప్రతులు మితిమీఱిన నలుపుతో గరుకుగ నుండుననియు, నలువదవదానికిని అఱువదవదానికిని నడుమ వచ్చినవే శ్రేష్ఠములనియు గూడ నాయన మాట. తొలిప్రతి యన్నంతనే యధికమూల్యమిచ్చువారు ఆ పుట చదువలేదు కాబోలు!

దశ యనగా రేకుపై బుద్ధిపూర్వకముగ జేసిన మార్పుచే నేర్పడునది. అరుగుదల దశ కాదు. మొదటి దశలోనే తుదిని అచ్చుపడిన ప్రతి వెలవెలబోయి యుండవచ్చును. బాగుచేసిన మూడవ దశలోని ప్రతి దానికంటె నల్లగ నుండవచ్చును. చూపునకు నిండుగ నున్నదే ప్రాచీనమనుకొనుట, నిర్దుష్టమైన పాఠమే కవిపాఠమనుకొనుట వంటిది. లేఖకుడు దిద్దిన పాఠమును నిర్దుష్టముగనే యుండును గదా.

రేకుపై జరుగు మార్పులు శాబ్దికులకు గ్రొత్తవి కావు. ఆగమము, లోపము, ఆదేశము అనునవియే యిచటను గలవు. పేరు లేనిచోట బేరు చెక్కుట ఆగమము. అది మిత్రునివలె బ్రక్కన జేరును, దేనిని బాధింపదు. ఒక వర్తకుని విలాసమును గీకివేయుట లోపము. దానిని గీకి మఱియొకని విలాసము చెక్కుట ఆదేశము. ఆదేశమునకు స్థానివద్భావము శాస్త్రమున జెప్పబడినది. రాగియందది కంటికి గానవచ్చును. గీకినచోట రేకు మట్టము తగ్గును. పాతయక్షరముల యడుగులు పూర్తిగ బోక క్రొత్తయక్షరముల నడుమ సన్నని జాడలుగ నచ్చుపడును. ఆ జాడ దొరకిన పౌర్వాపర్యమునకు వేఱు సాక్షి యక్కఱలేదు. ఈ యాదేశము పేరులతో నాగదు. పదునేడవ శతాబ్దమున పియెర్ లోంబార్ చెక్కిన అశ్వారూఢమూర్తి మెజ్జోటింటు కాదు, రేఖాచిత్రమే. కాని యా రేకుపై గ్రామ్‌వెల్ శిరస్సును జార్లెస్ రాజు శిరస్సును మాఱినవి, శిరస్సు లేని దశయు గలదు. గుఱ్ఱము మాత్రము మాఱలేదు!

ఇక వ్రాతసంగతి. 1735 నాటి చట్టము ప్రతిరేకుపై స్వామ్యము గలవాని పేరును బ్రకటనదినమును జెక్కవలెనని విధించెను. అందువలన ‘చట్టానుసారముగ బ్రకటితము’ అను వాక్యముతో గూడ దినము కానవచ్చును. కాని యది ప్రథమప్రకటనదినమే కాని యాప్రతి యచ్చుపడిన దినము కాదు. రేకు చేతులు మాఱి, ముప్పదియేండ్లకు మఱియొకడు అచ్చొత్తినను దినమట్లే నిలిచి యుండవచ్చును. వ్రాత యసత్యమును బలుకుటయు గలదు. 1775 సెప్టెంబరు 9వ తేదీతో లండనులో షెపర్డ్ పేర వెలువడిన జార్జి వాషింగ్టను మెజ్జోటింటు, విలియమ్స్‌బర్గు వాసియగు అలెగ్జాండర్ క్యాంబెల్ సాక్షాత్తుగ జూచి వ్రాసినదని చెప్పుకొన్నది. ఆ క్యాంబెలును దానెన్నడును జూచినట్లెఱుగనని వాషింగ్టను 1776 జనవరిలో జోసెఫ్ రీడ్‌నకు వ్రాసెను. తన ముఖమున జాలినంత భయంకరత్వము నింపెనని పరిహసించెను గూడ. ఇంతకంటె గుటిలమైనది మఱొకటి: ముద్రాకాలమున అక్షరములపై గాగితము గప్పి, ‘వ్రాతకు ముందటి’ ప్రతులని యమ్ముట. పట్టికను నమ్మినవాడు దానిని బ్రథమదశగ లెక్కించును. సంగ్రాహకులనేకులు అంచులు కత్తిరించి చిత్రమును మాత్రము దాచుకొనుటచే వ్రాతయే లేని ప్రతులును గలవు. అచట వ్రాతను నమ్ముకొన్న పద్ధతి మూగవోవును.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రతిమలు మంచి యుదాహరణము. బెంజమిన్ విల్సన్ చిత్రమును జూచి జేమ్స్ మెకార్డెల్ 1761లో నొక మెజ్జోటింటు చేసెను. మేసన్ చాంబర్లిన్ 1762లో వ్రాసిన చిత్రమును బట్టి ఎడ్వర్డ్ ఫిషర్ 1763లో వేఱొకటి చేసెను. 1773లో ఫ్రాంక్లిన్ గ్రంథముల ఫ్రెంచి యనువాదమునకు మార్టినే చెక్కిన ముఖచిత్రము ఆ ఫిషరుదానికి అనుకరణము. మొదటి రెండును వేర్వేఱు గ్రంథములు, మూడవది రెండవదానికి భాషాంతరీకరణము. వీనిని దశలనుట తగదు. మార్టినేది రేఖలతో గూడినది గావున భూతద్దమునకు వెంటనే పట్టుబడును. ఫిషర్ చిత్రమున ఫ్రాంక్లిన్ కలము చేతబూని, వెనుక వ్రేలాడు విద్యుద్ఘంటలవైపు చూచుచుండును. కిటికీ వెలుపల దుపాను చీకటిలో బిడుగు పడుచుండును. ఆయన దీని ప్రతులను దెప్పించి అమెరికాలోని మిత్రులకు బంచెను. కావున ఒక ప్రతి యేనాటిదో తేల్చుట సంతలోని వెలతో బోవు మాట కాదు. ఆయన చేతిమీదుగ బోయినవానిలో నది యుండ వీలున్నదా యను ప్రశ్న దానిపై నాధారపడును.

అంచు కత్తిరించిన ఫిషర్ ప్రతి దొరకినచో నేమి చేయవలెను? కిటికీలోని చీకటిని, కోటు మడతలను మఱియొక ప్రతితో బ్రక్కప్రక్కన నుంచి చూడవలెను. అరిగినచోట నలుపు దానంతట దిరిగి రాదు. ఒకదాన బూడిదరంగై, వేఱొకదాన నల్లనై, ఆ నలుపులో బండ్లచక్రపు క్రమమైన చుక్కలు వరుసదీరి కనబడినచో, నల్లనిదే తరువాతిది. కాకతాళీయముగ బడిన గీతలు రెండింటను నొకచోటనే యున్నచో రేకొక్కటియే. కొలత మాత్రము నమ్మరాదు. కాగితమును దడిపి యచ్చొత్తుదురు గావున ఆఱినపుడు కుదించుకొనును, స్వల్పభేదము రేకుభేదము గాదు. కాగితమున నీటిగుఱుతుగ సంవత్సరమున్న అది ముద్రాకాలమునకు మేర చెప్పును, దశను జెప్పదు. ఇంగ్లీషు కాగితములందు 1794 తరువాతనే ఇట్టివి తఱుచు. వ్రాతను జూడవలసినది వీని తరువాత. అప్పుడును అక్షరముల నడుమనున్న రాగిని జూచిన పిదపనే అక్షరములను జదువవలెను.