ముచికుందుని రెండు కోరికలు

వయస్సు పెరిగిన కొలది మనుష్యుని కోరికలు మారుననుట లోకానుభవము. ఆ మార్పునకు గడచిన కాలమే కారణమా, లేక మఱియొకటి కలదా యనునది విచార్యము. భాగవత దశమస్కంధమునందలి ముచికుందోపాఖ్యానము ఈ ప్రశ్నకు సమాధానము నిచ్చుచున్నదని మా అభిప్రాయము. పోతన తెనిగించిన ఈ కథను సాధారణముగా కాలయవన వధకు అంగముగా మాత్రమే చదువుదురు. ముచికుందుని పక్షమునుండి చదివినచో ఇది ఒక్క మనుష్యుడు రెండు మారులు వరము కోరిన కథ.

ఈ కథతో తెలంగాణమునకు స్థలసంబంధము కలదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనదికి ముచికుంద యను నామాంతరము కలదు. ఆ రాజు నిదురించినది ఈ గుహలలోనే యని స్థానికుల విశ్వాసము. మూలమున ఆ కొండకు పేరు లేదు. గిరినారు మొదలగు తావులును ఈ గౌరవమును కోరుచున్నవి. కావున స్థలనిర్ణయమునకు మేము పూనుకొనుట లేదు.

మాంధాతృ కుమారుడగు ముచికుందుడు అసురులకు వెఱచిన దేవతలకు చిరకాలము రక్షకుడై నిలిచెను. కుమారస్వామి సేనాని యైన పిదప వారతనికి విశ్రాంతి నొసగి, అతని భార్యాపుత్రులును మంత్రులును ప్రజలును కాలమున గలసిపోయిరని తెలిపి, మోక్షము దక్క ఏ వరమైనను కోరుమనిరి. అతడు నిద్రను కోరెను. పరుల లోకమును గాచుచు తన లోకమును గోల్పోయిన వానికి అంతకంటె కోరదగినది తోచలేదు.

యుగములు గడచినవి. కాలయవనుడు తన్ని లేపి అతని చూపునకు భస్మమైన పిదప శ్రీకృష్ణుడు దర్శన మిచ్చి వరము కోరుమనెను. ఈ మారు అతడు రాజ్యమును గాని, భోగమును గాని, విశ్రాంతిని గాని కోరక పాదసేవ నొక్కదానినే యర్థించెను.

ఇందులకు భగవద్దర్శనమే కారణమని కొందఱనవచ్చును. భక్తిదృష్టిచే అది సత్యమే. కాని కోరికకు ముందు అతడు చేసిన స్తుతిని పరిశీలింపవలెను. అందతడు తన జీవితమును తానే లెక్కించుకొన్నాడు: రాజ్యమదమున వ్యర్థమైన దినములు, రథగజముల నడుమ రాజనిపించుకొని తుదకు బూడిద కానున్న దేహము, ఎలుకపై బడు పామువలె ఏమఱిన వానిపై బడు కాలము. నష్టవార్తను దేవతలు పూర్వమే చెప్పియుండిరి. ఒకరు చెప్పగా విన్న నష్టము నిద్రను కోరించినది. తానే లెక్కించుకొన్న నష్టము వైరాగ్యమును కోరించినది. కాలమే విలువలను మార్చునదైనచో యుగముల నిద్ర ముగిసిన క్షణముననే అతడు మారియుండవలెను. అట్లు జరుగలేదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. మనస్సు మారినంతనే పూర్వకర్మ మాసిపోలేదు. క్షాత్రధర్మమున వేటలాడి చంపిన జీవుల దోషమును తపస్సుచే బాపుకొని, మఱుజన్మమున బ్రాహ్మణుడవై నన్ను చేరెదవని కృష్ణుడు పలికెను. కొత్త విలువ పాత ఋణమును రద్దు చేయదు. తీర్చు శక్తిని మాత్ర మిచ్చును. గుహ వెడలిన ముచికుందుడు మనుష్యులును పశువులును వృక్షములును కుఱుచయై యుండుట చూచి, కలి వచ్చినదని గ్రహించి, ఆ లోకమును నిందింపక ఉత్తరదిశకు తపస్సునకై పోయెను.

అట్లని మొదటి కోరికను అజ్ఞానమని త్రోసివేయరాదు. ఇరువదవ శతాబ్దమున ఈ అనంతగిరిమీదనే క్షయరోగుల ఆరోగ్యశాల వెలసినది. క్షయకు తగిన ఔషధము లేని దినములలో విశ్రాంతియే లోకమంతట ఆ రోగమునకు ముఖ్యచికిత్సగా నుండెను. అలసిన వానికి నిద్రయే న్యాయమైన కోరిక. నిదురింపనిచో అతనికి ఆ మేల్కొలుపును లేదు.

ఈ కొండలలోనే పుట్టిన కాగ్నానది పడమరగా తాండూరు మీదుగా సాగి భీమలో గలియును. మూసీ తూర్పుగా హైదరాబాదు మీదుగా సాగి వాడపల్లియొద్ద కృష్ణను జేరును. భీమయు కృష్ణలోనే కలియును. ఒక్క జీవితమున పుట్టిన రెండు కోరికలను చదువు పద్ధతియు ఇట్టిదే యని మా తలంపు: రెండవదానిని మెచ్చుటకు మొదటిదానిని ఎండగట్టనక్కఱలేదు.