ముంపు మిగిల్చిన కొండ

ప్రళయానంతర ప్రపంచాన్ని ఊహించే నవలల్లో ఒక దృశ్యం తరచూ వస్తుంది: బతికి మిగిలినవాళ్లు పాడుబడ్డ విహారస్థలంలో పాత నాగరికత ఆనవాళ్లు వెతుక్కుంటారు. గురజాల నుంచి మాచర్ల మీదుగా వెళ్లి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కినప్పుడల్లా నాకది ఊహ అనిపించదు. నాగార్జునకొండ ఒకప్పుడు లోయ మధ్య కొండ. సాగర్ జలాశయం లోయను ముంచాక ద్వీపమైంది. 1954-60 తవ్వకాల్లో బయటపడ్డ శిల్పాలు, శాసనాలు కొండమీది మ్యూజియంలో ఉన్నాయి.

మూడో శతాబ్దపు ఇక్ష్వాకు శాసనాల్లో మహాచైత్యానికి స్తంభాలిచ్చిన రాజు సోదరి చాంతిసిరి, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి కనిపిస్తారు. స్త్రీవాదులం ఈ పేర్లను గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను. కానీ దానమివ్వగలిగిన స్త్రీ పేరే రాతికెక్కింది; ఆ రాయి మోసిన స్త్రీ పేరు ఎక్కలేదు.

ముంపులోనూ అదే న్యాయం. శిల్పాలు కొండెక్కాయి. పొయ్యి, పెరడు, పొలంగట్టు వదిలి కదిలిన ఆడవాళ్లకు ఏ శాసనమూ లేదు. అందుకే ఈ ద్వీపాన్ని చరిత్రను కాపాడుకున్న కథగా మాత్రమే చదవలేను. ఏది కాపాడదగ్గదో ఎవరు తేల్చారన్నదే అసలు ప్రశ్న. ఆ లోయలో బాల్యం గడిపిన స్త్రీలు ఇప్పుడు ముదుసళ్లు. వాళ్ల మాటలు కూడా మునగకముందే మనం వినాలి.