మార్కుల జాబితాలోంచి వచ్చిన పాత్రలు

జాన్ హ్యూస్ 1985లో తీసిన ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లో ఐదుగురు హైస్కూలు విద్యార్థులు శిక్షగా ఒక శనివారమంతా బడి గ్రంథాలయంలో గడుపుతారు. చదువరి, కుస్తీ ఆటగాడు, సంపన్నుల ఇంటి అందగత్తె, రౌడీ, ఎవరితోనూ కలవని వింత పిల్ల. దర్శకుడు ఈ మూసలను చూపింది సాయంత్రానికల్లా వాటిని పగలగొట్టడానికే. తరువాత వచ్చిన సినిమాలు చాలావరకు మూసలను ఉంచుకొని, పగలగొట్టడం మరచిపోయాయి. అమెరికా బడిలో ఆ మూసలు స్థిరపడేది భోజనశాలలో, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్న దాన్నిబట్టి.

తెలుగు బడిలో పిల్లలను విడదీసేది మార్కుల జాబితా. నేను చదివిన తెలుగు మాధ్యమం పాఠశాలలో బెంచీల వరుస దాన్నిబట్టే మారేది. కార్పొరేట్ కళాశాలలు వచ్చాక అదే సెక్షన్ల విభజన అయింది. మన కుర్రకారు సినిమాలు దీన్ని చూడలేదని కాదు, ప్రేమకథకు అడ్డుగోడగా మాత్రమే వాడుకున్నాయి. తేజ ‘నువ్వు నేను’ (2001)లో నాయకుడు చదువబ్బని ధనవంతుడి కొడుకు, నాయిక బాగా చదివే పాలవ్యాపారి కూతురు. ప్రేమ మొదలయ్యాక చదువు ఊసు పలచబడుతుంది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పోషించిన లెక్చరర్ మాత్రం ఆ తరువాతి ఎందరో తెర లెక్చరర్లకు అచ్చయ్యాడు. శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ (2007)లోనూ మూసలున్నాయి. కథకు నాలుగేళ్ల ఇంజినీరింగు కాలం ఇచ్చాడు కనుక అవి కొంత మనుషులయ్యాయి.

ఇది వినోదం గురించిన తగవు మాత్రమే కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. నేను చూసిన సినిమాల్లో తప్పిన విద్యార్థి నాయకుడి స్నేహితుడు. నవ్వించి పక్కకు తప్పుకుంటాడు.

ఆదిత్య హాసన్ ధారావాహిక ‘90’s’ (ఈటీవీ విన్, 2024) ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. పిల్లల మీద ముద్ర వేసేది బడి కంటే ముందు ఇల్లేనని అది గుర్తించింది. శివాజీ పోషించిన లెక్కల మాస్టారి పెద్దకొడుకు చదువులో ముందుంటాడు, చిన్నవాడు ఆదిత్య వెనకబడతాడు. ఆదిత్య మాటల్లోని చురుకుకూ జవాబుపత్రంలోని దుస్థితికీ మధ్య ఉన్న దూరం ధారావాహికకు హాస్యం. వైద్యుడికి అది ఒక లక్షణం. అక్షరాలు గుర్తించడంలో ఇబ్బందా, ఏకాగ్రత లోపమా, కంటిచూపా? హిందీలో ‘తారే జమీన్ పర్’ 2007లోనే ఈ ప్రశ్న వేసింది. 1990ల మధ్యతరగతి ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నను దర్శకుడు ఆ ఇంట్లోకి తేలేదు, అది న్యాయమే.

అయితే ప్రేక్షకులు ఉన్నది 1990లలో కాదు. దోహాలో, మా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని తెలుగు ఇళ్లలో, తల్లిదండ్రులు దాన్ని తమ బాల్యంగా చూశారు. పక్కన కూర్చున్న పిల్లలకు అది నిన్నటి ప్రోగ్రెస్ కార్డు. “మావాడు అచ్చం ఆదిత్యేనండీ” అని, వాడు వింటుండగానే, నవ్వుతూ చెబుతారు. ఈసారి వచ్చేటప్పుడు వాడి నోటుపుస్తకాలు తీసుకురమ్మంటాను.